సామ్రాజ్యం తూము

మైపాడు రోడ్డు దిగి ఉప్పుటేటి వైపు మళ్లితే రొయ్యల గుంటల మధ్యగా ఒక మట్టికట్ట పోతుంది. కట్ట చివర, గుంటల్లో నీళ్లు ఏట్లోకి వదిలే చోట, ఒక సిమెంటు తూము ఉంది. పొద్దు గూకితే ఆ తూము మీద ఎవరూ కాలు పెట్టరు. పల్లెపాలెం పోవాల్సినవాళ్లు గుంటలన్నీ చుట్టి, బురద తొక్కుకుంటూ, అవతలి గట్టున పోతారు.

ఎందుకంటే అక్కడ సామ్రాజ్యం ఉంది.

సామ్రాజ్యం నిండు చూలాలట. నొప్పులు మొదలైతే ఆసుపత్రికని బయల్దేరి, అంతవరకూ నడిచి, ఇక నడవలేక కూలబడిందట. దారిన పోయేవాళ్లను పేరు పేరునా పిలిచిందట. ఒక్కరూ ఆగలేదట. అప్పటినుంచీ రాత్రిళ్లు ఆ తూములో ఊపిరి వినపడుతుంది... లోపలికి లాగి, కాసేపు బిగబట్టి, వదిలే ఊపిరి. ఆ తర్వాత పిలుపు. మన పేరే.

పలికామా, దాని నొప్పి మనకొస్తుంది. పలక్కుండా పోతే బతికిపోతాం. అది ఎవరి గొంతుతోనైనా పిలవగలదు. కాకపోతే రెండుసార్లే పిలవగలదు. మూడోసారి కూడా పిలుపు వినపడిందంటే పిలిచేది మనిషే.

ఇంత వివరంగా ఎవరు చెప్పారని మాత్రం ఎవరూ అడగలేదు. దెయ్యాల విషయంలో మనవాళ్లు రుజువులు అడగరు. రుజువులన్నీ రేషన్ కార్డుకే.

చెప్పింది నరేంద్రబాబు. ఆ గుంటలన్నీ ఆయనవే. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, మెడలో పులిగోరు. ఆయన కట్ట మీద నడుస్తుంటే గొడుగు ఒకడు, ఫోను ఒకడు, నీళ్ల సీసా ఒకడు పట్టుకుని వెనక నడవాలి. తన చేతులతో ఆయన ఏదీ పట్టుకోగా చూసినవాళ్లు లేరు. ఆ ఖాళీ చేతులు దేనికి దాచుకున్నాడో నాకు తెలియదు.

ఆయన గుంటలకు తెగులొస్తే ఆ నీళ్లకు బ్లీచింగు కొట్టి, కొన్నాళ్లు ఆపి, అప్పుడు వదలాలి. నరేంద్రబాబుకు అంత ఓపిక లేదు. రాత్రిపూట తూము చెక్కలు ఎత్తించి ఏట్లోకి వదిలేసేవాడు. తెల్లారేసరికి ఏట్లో పీతలు వెల్లకిలా తేలేవి. ఏట్లో పీతలు పట్టి బతికే పల్లెపాలెం వాళ్లు ఎవరి పనో పట్టుకోవాలని కట్ట మీద కాపు కాయడం మొదలుపెట్టారు. సరిగ్గా ఆ నెలలోనే సామ్రాజ్యం తూములో కాపురం పెట్టింది. ఎంత కలిసొచ్చే దెయ్యమో చూడండి.

ఇక ఆ రాత్రి సంగతి. నేను చూడలేదు, అంబులెన్సు నడిపే పెంచలయ్య చెప్పాడు. ఒక ట్రస్టు వాళ్లు ఇందుకూరుపేట వైపు పెట్టిన బండి అది. పెంచలయ్య అసలు అబద్ధమే ఆడడని నేననను. కానీ ఈ కథలో తనను తాను పిరికివాడిగా చెప్పుకున్నాడు కాబట్టి నమ్మాను.

అమావాస్య. గుంటలో రొయ్య తెల్లమచ్చ తెగులుతో చచ్చిపోతోంది. నీళ్లు ఆ రాత్రే వదలాలి. చెక్కలు ఎత్తమంటే పనివాళ్లందరూ నేల చూపులు చూశారు.

"తూము కాడికా... మావల్ల కాదు సార్. సామ్రాజ్యం ఉండాది గదా," అన్నాడు కాపలా ఉండే చిన్నపోలయ్య.

అది ఉత్తిదేరా అని ఆయన ఎలా చెప్పగలడు? నోటిదాకా వచ్చిన మాట మింగి, తనే టార్చి తీసుకుని బయల్దేరాడు. ఆ చేతులు పని చేసిన మొదటి రాత్రి అదే.

చెక్కలకు పాచి పట్టి ఉంది. ఒకదాన్ని ఎత్తాడు. రెండోది ఎత్తబోయి జారాడు.

తూము కింద, రాళ్లలో పడ్డాడు. కాలు పైపుకూ రాయికీ మధ్య ఇరుక్కుని మోకాలి కింద విరిగింది. ఫోను బురదలో మునిగింది, టార్చి ఏట్లో కొట్టుకుపోయింది. సముద్రం పోటు మీద ఉంది. ఉప్పునీళ్లు ఏట్లోకి ఎక్కుతూ, మెల్లగా... ఆయన పాదం తడిపాయి.

కదిలితే ప్రాణం పోయేంత నొప్పి. కదలకపోతే నీళ్లు వస్తాయి. ఇక అరవడం ఒక్కటే మిగిలింది.

అవతలి గట్టున మోపెడ్ చప్పుడైంది. ఆ చప్పుడు ఆయనకు తెలుసు, చేపల వేలానికి పోయే వెంకయ్యది.

"వెంకయ్యా... నొప్పిరా... ఓర్చుకోలేకపోతున్నా..."

మోపెడ్ ఆగింది. మరుక్షణం మనిషి పరుగు వినపడింది. బండి గట్టు మీదే పడిపోయి, లైటు వెలుగుతూ, ఇంజను కొట్టుకుంటూ ఉండిపోయింది.

ఈసారి కొట్టంలో ఉన్న చిన్నపోలయ్యను పిలిచాడు. చిన్నపోలయ్య తలుపు గడియ పెట్టి, ఫోన్లో భక్తి పాటలు గట్టిగా పెట్టుకున్నాడు. "నా గొంతుతో పిలిచినా తలుపు తీయొద్దు రా" అని నరేంద్రబాబే చెప్పి ఉన్నాడు మరి. చెప్పినమాట వినే పనివాడు దొరకడం అదృష్టమంటారు.

నీళ్లు మోకాలి దాకా వచ్చాయి.

అప్పుడు వినపడింది... తూములోంచి.

ఊపిరి.

లోపలికి లాగి... బిగబట్టి... వదిలే ఊపిరి.

పోటు నీళ్లు పైపులోకి ఎక్కుతుంటే లోపలి గాలి అలా చప్పుడు చేస్తుందని పగలైతే ఆయనే చెప్పి ఉండేవాడు. కానీ పగలు కాదు. పక్కన నీళ్ల సీసా పట్టుకునేవాడు కూడా లేడు. తాను కల్పించిన దెయ్యం పక్కన తానొక్కడే కూర్చుని, నరేంద్రబాబు ఊరికి చెప్పిన నియమాలన్నీ ఒక్కొక్కటీ గుర్తు చేసుకున్నాడు.

అదే సమయానికి ఏటి ఒడ్డున ముసలమ్మ పీతల వల సర్దుకుంటోంది. ఆమెది పల్లెపాలెం. ముసలమ్మ అన్నది వయసు వల్ల వచ్చిన పేరు కాదు, పుట్టినప్పుడే పెట్టింది. సామ్రాజ్యానికి ఆ ఊళ్లో భయపడని మనిషి ఆమె ఒక్కతే. ఆ అరుపులన్నీ ఆమె విన్నది.

"ఒక తూరి విన్నా, రెండో తూరి విన్నా, ఊరకుండా," అని తర్వాత నాతో చెప్పింది. "మూడోది గూడా వినపడింది. అట్టయితే మనిషే. ఆ మనిషెవరో గొంతు తెలిసినాక... ఇంకొక తూరి పిలవనీలే అనిపించింది."

ఇంకోసారి పిలవనిచ్చి, అంబులెన్సుకు ఫోను చేసి, ఆ మనిషి పేరు చెప్పింది. కిందికి మాత్రం దిగలేదు, పలకనూ లేదు.

బండి కట్ట మొదట్లో ఆగిపోయింది. అక్కడినుంచి నడకే. పెంచలయ్య స్ట్రెచరు మోసుకుని, రోజారమణి సంచీ, నీలం రంగు సిలిండరూ పట్టుకుని కట్ట మీద వచ్చారు. రోజారమణి బండిలో వైద్యం చేసే అమ్మాయి. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం పెద్దది. తెల్ల కోటు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. తలకు లైటు కట్టుకుని తూము కిందికి దిగింది.

కింద ఉన్నవాడికి ఏం కనపడిందో ఊహించుకోండి. చీకట్లోంచి తెల్లటి ఆకారం. మొహం ఉండాల్సిన చోట వెలుగు. ఆ వెలుగులోంచి ఆడగొంతు—

"నరేంద్రబాబు గారూ..."

ఆయన నోరు బిగించుకున్నాడు.

"నరేంద్రబాబు గారూ, నా మాట వినపడతా ఉందా?"

పళ్లు కరుచుకుని కళ్లు పెద్దవి చేసి చూస్తున్నాడు తప్ప, పలకడు. నీళ్లు తొడల మీదికి వచ్చాయి. కాపాడటానికి వచ్చిన మనిషి మూరెడు దూరంలో నిలబడి పిలుస్తుంటే, నోట్లోంచి చిన్న మూలుగైనా రానివ్వడు.

రోజారమణి వెనక్కి తిరిగింది. "పెంచలయ్యన్నా, పలకడం లేదు. తలకు దెబ్బ తగిలిందేమో. అట్టయితే నొప్పికి గ్యాసు ఇవ్వగూడదు."

"ఇవ్వకుంటే ఎట్టమ్మా? రాళ్లల్లోంచి ఆ కాలు లాగాల గదా."

"లాగాల్సిందే. నొప్పికి కొట్టుకుంటాడు. ఈ పాచి మీద మనల్ని గూడా పడేస్తాడు."

పైనుంచి ముసలమ్మ గొంతు నింపాదిగా వచ్చింది. "రెండు తూర్లే గదమ్మా పిలిచినావు. ఇంకొక తూరి పిలువు. మూడోదానికి పలుకుతాడు. ఊరికి నేర్పించింది ఆయనే."

రోజారమణి ఈసారి గట్టిగా పిలిచింది.

"నరేంద్రబాబు గారూ."

"ఆఁ..." అన్నాడు ఆయన. అని వెంటనే, "నీ కాళ్లు చూపించు," అన్నాడు. దెయ్యానికైతే పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కదా. బూట్లు విప్పితే గానీ నమ్మనన్నాడట.

"నీళ్లు పైకొస్తా ఉండాయి సార్. నా కాళ్లు తర్వాత చూద్దురు, ముందు మీ కాలు చూడనీండి," అని ఆమె ఆయన తల తడిమింది, ఛాతీ మీద చెయ్యి వేసి చూసింది. అక్కడ దెబ్బలు లేవు. సిలిండరు తిప్పి, గొట్టం చివర మాస్కు ఆయన ముందుకు చాపింది.

"ఇది నొప్పి తగ్గించే గ్యాసు. సగం ఆక్సిజనే. గట్టిగా పీల్చండి. మీరు పీలిస్తేనే వస్తాది, లేకుంటే రాదు."

ఆయన మొహం ముందుకు పెట్టాడు. చేతులు మాత్రం ఒళ్లోనే ఉంచుకున్నాడు.

"పట్టుకోండి సార్."

"నువ్వు పట్టుకో."

"నేను పట్టుకోగూడదు. మీరే పట్టుకోవాల."

"అయితే ఆ డ్రైవర్ని పట్టుకోమను," అన్నాడు.

కాలు విరిగి, నీళ్లలో కూర్చుని, దెయ్యం పక్కన, ఆ మాట అన్నాడు. పెంచలయ్య అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు కూడా. రోజారమణి ఆ చేతి మీద ఒకటి వేసింది.

"ఎవురూ పట్టగూడదన్నా. మత్తు ఎక్కువైతే చెయ్యి దానంతట అదే జారిపోవాల, మాస్కు పడిపోవాల. అప్పుడు మామూలు గాలి పీలుస్తాడు, ప్రమాదం ఉండదు. మనం అదిమి పట్టుకుంటే పడేది ఎట్టా? నొప్పి తగ్గినోళ్ల చెయ్యే వదిలేస్తాది."

వేరే దారి లేదు. నరేంద్రబాబు రెండు చేతులూ ఎత్తి, మాస్కు పట్టుకుని, మూతికి ఆనించుకున్నాడు.

ఇస్స్... టక్.

లోపలికి లాగినప్పుడు ఇస్స్ అంటుంది. వదిలినప్పుడు టక్ మని మూసుకుంటుంది.

ఇస్స్... టక్.

కాసేపటికి ఆయన భుజాలు దిగాయి. మొహంలో గీతలు సర్దుకున్నాయి. రోజారమణి, పెంచలయ్య నీళ్లలో చేతులు పెట్టి రాయి జరిపి, కాలు మెల్లగా బయటికి తీశారు. ఆయన మూలిగాడు గానీ కొట్టుకోలేదు. కాలికి బద్దలు కట్టేదాకా మాస్కు వదల్లేదు.

స్ట్రెచరు పైకెత్తడానికి ఇంకా మనుషులు కావాలి. అదృష్టం కొద్దీ ఆ వేళకే మనుషులు వచ్చారు. వెంకయ్య పల్లెపాలెం లేపి, వేపమండలూ టార్చిలూ పట్టించి, తూముకు కాస్త ఎడంగా కట్ట మీదికి తీసుకొచ్చాడు. చిన్నపోలయ్య కూడా వాళ్లలో చేరాడు. రోజారమణి వాళ్లను పిలవబోయింది.

సరిగ్గా అప్పుడే నరేంద్రబాబుకు నవ్వొచ్చింది. ఆ గ్యాసుకు కొంతమంది నవ్వుతారు. మొదట కిసుక్కుమన్నాడు, తర్వాత పగలబడ్డాడు. ఆ నవ్వు తూములో దూరి పదింతలై పైకి వచ్చింది.

"సామ్రాజ్యం లేదు రా పిచ్చోళ్లారా... నేనే... నేనే సామ్రాజ్యం..."

పుట్టి బుద్ధెరిగాక ఆయన ఊరితో చెప్పిన మొదటి నిజం అదే. ఒక్కరూ చివరిదాకా వినలేదు. కట్ట మీద వేపమండలు మిగిలాయి, మనుషులు మాయమయ్యారు.

దాంతో స్ట్రెచరు మోసింది ముగ్గురే. ముందు పెంచలయ్య, వెనక రోజారమణి ఒక పక్క, ముసలమ్మ ఇంకో పక్క. నడుము దాకా నీళ్లలో దిగి, పీతలను చంపినవాణ్ణి పీతలు పట్టే మనిషే ఎత్తింది. ఆయన తరఫున తోడు రావడానికి ఎవరూ లేకపోతే, తన వల చుట్టి పట్టుకుని, బండి కూడా ఆమే ఎక్కింది.

నెల్లూరు దారిలో, మళ్లీ మాస్కు పట్టుకున్న ఆయన చెయ్యి మెల్లగా జారింది, మాస్కు పక్కకు పడింది. కాస్సేపటికే మత్తు దిగి తెలివొచ్చింది. ఎదురుగా ముసలమ్మ.

"ఎవురికీ చెప్పబాకమ్మా," అన్నాడు రహస్యంగా.

"ఏది చెప్పొద్దు? నీళ్ల సంగతా, దెయ్యం సంగతా?"

ఆయన మళ్లీ మాస్కు కోసం తడుముకున్నాడు.

తర్వాత జరిగింది ఊరందరికీ తెలుసు. కాలిలో రాడ్డు వేయించుకుని, చంకలో కర్రతో నరేంద్రబాబు తిరిగొచ్చాడు. గుంటల్లో పనికి ఒక్కడూ రావడం లేదు. దెయ్యం లేదు, అంతా నేనే కల్పించాను అని ఇంటింటికీ తిరిగి మొత్తుకున్నాడు. జనం జాలిగా విని, "పాపం, ఇంకా వదల్లా" అని తలుపులు వేసుకున్నారు. తూము చెక్కలు ఎత్తేవాడు లేక, తెగులు నీళ్లకు తనే బ్లీచింగు కొట్టక తప్పడం లేదు. ఏట్లో పీతలు మళ్లీ కనపడుతున్నాయి.

ఇక్కడికి నేను కడుపారా నవ్వి టీ గ్లాసు కింద పెట్టాను. పెంచలయ్య నవ్వలేదు.

"ఇంకా ఉండాదన్నా," అన్నాడు.

ఆయన్ని ఆసుపత్రిలో అప్పగించి, ముసలమ్మను దింపడానికి చీకటితోనే వెనక్కి వచ్చారట. కట్ట మొదట్లో బండి ఆపాడు. ముసలమ్మ దిగుతుంటే ఊరకే అడిగాడు.

"అవ్వా, ఆ సామ్రాజ్యం అసలుకు ఎవురు?"

"సామ్రాజ్యమని ఎవురూ లేరు నాయనా. ఆ పేరు ఆయన పెట్టినాడు. మా వదిన పేరు పోలమ్మ. అప్పుడు తూము గూడా లేదు, ఉత్త మట్టికట్ట. నొప్పులొచ్చి రాత్రంతా అక్కడే అరిచింది. బండి లేదు, మందు లేదు. నేను చిన్నదాన్ని, చెయ్యి పట్టుకోని కూర్చున్నా. తెల్లారకముందే పోయింది."

ముసలమ్మ చేత్తో కట్ట చూపించింది.

"కట్ట మీద ఆస్పత్రి బండి పోయేంత దారి వదలయ్యా అని ఆయన్ని అడిగేదానికి పోయినప్పుడు ఇదంతా నేనే చెప్పినా. అంతా విన్నాడు. దారి వదల్లా. పేరు మార్చి దెయ్యాన్ని చేసినాడు."

వల భుజాన వేసుకుని, తూము మీదుగానే, మెల్లగా నడిచి పోయింది.

పెంచలయ్య బండి తాళం తిప్పబోయాడు. అప్పుడు... వెనకనుంచి—

ఇస్స్... టక్.

వెనక ఎవరూ లేరు. రోజారమణి ముందు, పక్క సీట్లోనే ఉంది. స్ట్రెచరు ఖాళీ.

ఇస్స్... టక్.

"రోజమ్మా... సిలిండరు కట్టలేదా?"

"కట్టినా అన్నా."

"అయితే లీకేమో."

"లీకైతే ఆగకుండా కొడతాది." ఆమె గొంతు తగ్గింది. "ఇది ఎవురో పీలిస్తేనే వచ్చే చప్పుడు."

ఇస్స్... చప్పుడు సన్నబడుతోంది. గొట్టంలో మిగిలింది అయిపోతోంది. లాగుతున్నారు, చాలడం లేదు... మళ్లీ లాగుతున్నారు.

పెంచలయ్య అద్దంలోకి చూడలేదు. స్టీరింగు పట్టుకుని, కళ్లు మూసుకుని, గుర్తొచ్చిన దేవుళ్లందరినీ పిలుస్తున్నాడు. తలుపు తెరుచుకున్న చప్పుడైంది. రోజారమణి దిగి వెనక్కి పోయింది. సిలిండరు తిప్పిన కిర్రుమనే చప్పుడు వినపడింది... మూయడానికి కాదు, తెరవడానికి.

"ఏం చేస్తా ఉండావమ్మా," అన్నాడు ఏడుపు గొంతుతో.

"పీల్చనీ అన్నా. ఆ పొద్దు దొరకలేదు గదా."

ఇస్స్... టక్. ఇస్స్... టక్. ఈసారి నిండుగా, తీరిగ్గా. ఎంతసేపో పెంచలయ్యకు తెలియదు. తూర్పున సముద్రం మీద కాస్త తెలుపు వచ్చేదాకా అని మాత్రం చెప్పాడు.

తర్వాత ఆ చప్పుడు నెమ్మదించింది. స్ట్రెచరు మీద మాస్కు మెత్తగా జారిపడింది.

రోజారమణి సిలిండరు కట్టేసి, మాస్కు తీసి, ఏ పేషెంటు వాడిన తర్వాతైనా తుడిచినట్టే స్పిరిట్ దూదితో తుడిచి, కొక్కేనికి తగిలించింది.